పగలు నిద్రపోయే వీధిలో కుక్క

నా క్లినిక్‌కి వచ్చేవాళ్లు ఏ పిల్లినో కుక్కపిల్లనో ఎత్తుకుని వస్తారు. ఒకాయన ఒట్టి చేతులతో వచ్చాడు. ఉదయం పది దాటింది. ప్లాంటు యూనిఫాం ఇంకా ఒంటిమీదే ఉంది, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"డాట్రు గారూ, కుక్క నోరు మూయించే మందేదైనా ఉంటే ఇవ్వండి. అన్నంలో కలిపి పడేస్తాను. మూడు వారాలైంది, నిద్దర నేదండి."

కుక్క ఆయనది కాదు, పక్కింటివాళ్లది.

"అన్నంలో కలిపి" అన్న మాట వింటే నాకు గుండె ఝల్లుమంటుంది. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకాయన ఇలాంటి గోడే చెప్పుకున్నాడు. కుక్కన్నాక మొరగదా అని పంపేశాను. నెల తిరక్కుండా ఆ కుక్కనే ఆటోలో నా దగ్గరికి తెచ్చారు. నోట్లో నురగ, ఒళ్లంతా వణుకు, కంటిపాపలు సూదిమొనంత అయిపోయాయి. పురుగుమందు. అట్రోపిన్ మీద అట్రోపిన్ ఇచ్చాను, సెలైన్ ఎక్కించాను, దక్కలేదు. ఎవరు పెట్టారో తేలలేదు. జంతువును చంపితే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. కానీ పోయిన ప్రాణాన్ని ఏ సెక్షనూ తేలేదు. ఆ రోజు నుంచి మొరుగుడు ఫిర్యాదును నేను ఎమర్జెన్సీ కేసుగానే చూస్తున్నాను.

విశాఖ దగ్గరి మా దువ్వాడలో ఈ గొడవకు ఒక ప్రత్యేకత ఉంది. స్టీల్‌ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నాం. కొలిమి ఒకసారి వెలిగాక రాత్రయిందని ఆర్పడం కుదరదు. అందుకే ఏ, బీ, సీ షిఫ్టులు. దువ్వాడ, కూర్మన్నపాలెం వీధుల్లో పగటిపూట కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పడుకునే ఇళ్లు ఎన్నో. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదంటాయి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు. సరిగ్గా అవే సీ షిఫ్టు గంటలు. చట్టం ఆయన నిద్రకు కాపలా కాసే వేళకు ఆయన కోక్ ఓవెన్ల దగ్గర ఉంటాడు. ఇంటికొచ్చి నడుం వాల్చేసరికి చట్టానికి తెల్లవారిపోతుంది. ఎవరికి చెప్పుకున్నా "పగలే కదా" అన్నారట. వేడి, బరువు, కదిలే యంత్రాల మధ్య పనిచేసే మనిషికి నిద్ర కరువైతే ఏమవుతుందో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మందు ఇవ్వనని చెప్పాను. యజమానికి తెలియకుండా ఏ జంతువు నోటికీ నా చేతి మందు వెళ్లదు. ఒక కాగితం ఇచ్చి, "ఎలాగూ మెలకువగానే ఉంటున్నారు. నాలుగు రోజులు అది మొరిగిన టైం రాయండి, ఫోన్లో రికార్డు చేయండి" అన్నాను.

కాగితం తెచ్చాడు. 8.20 నుంచి 9.05 దాకా. పదకొండుకు పది నిమిషాల సేపు. 1.15 నుంచి ఆగకుండా. సాయంత్రం ఆరు తర్వాత లేదు. ఆదివారం అసలే లేదు. ఆ ఆదివారమే నాకు సగం జబ్బు చెప్పేసింది. రికార్డింగ్ మిగతాది చెప్పింది. కొత్తమనిషిని చూసి మొరిగే కుక్క గొంతు బొంగురుగా ఉంటుంది, ఆ మనిషి దాటిపోగానే ఆగుతుంది. ఇది సన్నగా, ఒకే లయలో సాగి సాగి, చివరికి ఊళలోకి దిగింది. ఒంటరితనం మొరుగుడు అలా ఉంటుంది.

ఆ కుక్క నా రిజిస్టర్‌లో ఉన్నదే. రేబిస్ టీకా గడువు దగ్గరపడింది. ఇంటి అమ్మగారికి ఫోన్ చేసి, ఫిర్యాదు సంగతి దాచకుండా చెప్పి, ఒంటిగంటకు ఇంటికొస్తానన్నాను. భార్యాభర్తలిద్దరూ దువ్వాడ సెజ్‌లో ఉద్యోగులు. ఆమె అరపూట సెలవు పెట్టి ఉన్నారు.

"మేం ఉంటే కిక్కురుమనదండీ. వాళ్లకి కుక్కలంటే పడదు, అందుకే చెప్తున్నారు" అన్నారు.

కుక్కను మెట్ల కింద కట్టేశారు. గొలుసు నాలుగడుగులు. ఒంటిగంట దాటుతుండగా ఎండ పిట్టగోడ మీదుగా దిగి అది పడుకున్న చోటికి వచ్చింది. నీడ మూడడుగుల దూరంలోనే ఉంది, గొలుసు అందలేదు. 1.15కి మొరుగుడు మొదలైంది. బెల్టు తీసి చూస్తే మెడ ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. నేను రికార్డింగ్ వినిపించాను. ఊళ దగ్గరికొచ్చేసరికి ఆమె మెట్టు మీద కూలబడ్డారు. "ఇది మావాడి గొంతేనా అండీ?" అన్నారు.

పొట్టి గొలుసుతో గంటలకొద్దీ కట్టేయడం, తిప్పకుండా ఉంచడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. ఆమెను భయపెట్టడానికి కాదు, కట్టేయడం కూడా హింసేనని తెలియడానికి చెప్పాను. గొంతు పోగొట్టే ఆపరేషన్ చేయమని, షాకు బెల్టు ఇప్పించమని అడిగేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఏడుపు వినిపించకుండా చేస్తే బాధ తగ్గదు.

మెడకు పూతమందు తప్ప చీటీలో మాత్రల్లేవు. గొలుసు తీసేయాలి. వెనక వరండాలో నీడ, బోర్లాపడని నీళ్ల తొట్టి. ఉద్యోగానికి బయల్దేరే ముందు నలభై నిమిషాల నడక. గేటు అడుగు భాగానికి రేకు. వెళ్లేటప్పుడు కొబ్బరిచిప్పలో అన్నం, కోడిమాంసం గట్టిగా కూరి ఇస్తే నాకుతూ చాలాసేపు గడుపుతుంది. సెలవు రోజుల్లో తాళాలు తీసుకుని బయటికెళ్లి ఒక నిమిషంలో రావాలి, తర్వాత రెండు, తర్వాత ఐదు. వెళ్లినవాళ్లు తిరిగొస్తారని దానికి నమ్మకం కుదరాలి.

ఆ సాయంత్రం ఆయన్నీ ఆమెనీ గోడ దగ్గర నిలబెట్టి మాట్లాడించాను. మొదటివారం మొరుగుడు పెరగవచ్చని ముందే చెప్పాను. ఆ మాట చెప్పకపోతే చాలామంది అక్కడే వదిలేస్తారు. ఆయన తన షిఫ్టు చార్టు నకలు ఇచ్చాడు. ఆమె ఫ్రిజ్‌కి అతికించుకున్నారు. సీ షిఫ్టు వారాల్లో మధ్యాహ్నం తమ మరిది వచ్చి అరగంట కుక్క దగ్గర ఉంటాడన్నారు. "ఇన్నాళ్లూ మీరు రాత్రి డ్యూటీ అని తెలీదన్నయ్య గారూ" అన్నారామె. రెండిళ్ల మధ్య అరిటాకంత గోడ. మూడు వారాలుగా ఆ మాట దాన్ని దాటలేదు.

ఏడోవారం ఆయన మళ్లీ కాగితం తెచ్చాడు, నేను అడక్కుండానే. రెండే రెండు గీతలు, రెండూ పదకొండు గంటలకు, కూరల బండి వేళ. "దాన్ని మొరగనీండి, దాని డ్యూటీ అది" అన్నాడు.

నా కేసు షీటులో కుక్క వయసు, బరువు, టీకాల కింద ఇప్పుడు ఇంకో గడి ఉంది. కొత్తగా కుక్కను తెచ్చుకున్న ప్రతివాళ్లనూ అది చూసి అడుగుతాను: మీ పక్కింట్లో ఎవరైనా షిఫ్టుకి వెళ్తారా? తెలియదంటే, కనుక్కుని మళ్లీ రమ్మంటాను.