చెరువు – సెరువు

మేము ఫిలింనగరునకు చేరువనున్న యొక పాఠశాలలో పదునెనిమిది సంవత్సరములుగా తెలుగు చెప్పుచున్నాము. సంస్కృతము చదివితిమి, ఆంగ్లమును చదివితిమి. ఉచ్చారణ విషయమున మాకు పట్టుదల యెక్కువయని విద్యార్థులు చెప్పుకొందురు. ఆ మాట చెవిని బడినప్పుడు లోలోపల గర్వించుచుండెడివారము. ఆ గర్వ మెట్లు దిగిపోయినదో పాఠకులకు విన్నవించుటకే యీ వ్యాసము.

మా తరగతిలో రెండు తెగల పిల్లలు గలరు. జూబిలీహిల్సు వైపునుండి బండ్లలో వచ్చువారు కొందరు. వీరికి ఇంగ్లీషు ధారాళముగా వచ్చును గాని తెలుగు పుస్తకము తెరచినచో నాలుక తిరుగదు. ఫిలింనగరు బస్తీనుండి నడచి వచ్చువారు మరికొందరు. స్టూడియోలలో లైట్లు పట్టువారి పిల్లలు, సెట్టింగులు కట్టు వడ్రంగుల పిల్లలు వీరు. నిజమునకు తెలుగు వీరి యింటి సొమ్ము. అయినను తెలుగు తరగతిలో తల వంచుకొని కూర్చుండువారు వీరే.

నిరుడు వార్షికోత్సవమునకై నగరములోని చెరువులను గూర్చి యొక చిన్న నాటకము సిద్ధపరచితిమి. గోలకొండ కోటకు త్రాగునీరిచ్చిన దుర్గం చెరువు మాకు కూతవేటు దూరముననే యున్నది గదా! ఆ చెరువే పాత్రయై తన కథ తాను చెప్పుకొనును. ఎనిమిదవ తరగతిలోని యొక వడ్రంగి కుమారుని ఆ వేషమునకు ఎంచితిమి. అతని గొంతు ఖంగుమనును, ధారణశక్తియు మెండు. అభ్యాసమునాడు అతడు ముందునకు వచ్చి, "నేను దుర్గం సెరువును" అనెను. పిల్లలు గొల్లుమనిరి. "సెరువు కాదురా, చెరువు" అంటిమి. మరల "సెరువు" అనెను. మూడవసారియు నట్లే యనగా మేమును నవ్వితిమి, వేషమును వేరొకనికిచ్చితిమి. ఆనాడు మేము చేసిన పనిలో తప్పున్నదని మాకు తోచనేలేదు.

ఉత్సవము జరిగిన వారమునకు ఆ బాలుని తండ్రి వచ్చెను. కూర్చుండుమన్నను కూర్చుండక, "సారూ, మా పోరడు ఇంట్ల నోరు తెరుస్తలేడు. నేను మాట్లాడితె 'నాయినా, గట్ల అనకు, అందరు నవ్వుతరు' అంటుండు. సదువు రావాలె సారూ, కాదంటలేను. సదువొస్తె ఇంట్ల మాట పోవాల్నా?" అని యడిగెను. పదునెనిమిదేండ్ల బోధనలో ఇంత సూటియైన ప్రశ్న మమ్మెవరును అడిగియుండలేదు. ఏదో సర్దిచెప్పి పంపితిమి గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి పుస్తకములు తీసితిమి.

మొదట ఆ చెరువునే విచారించితిమి. కన్నడమున దానిని 'కెఱె' యందురు. మన 'చెవి' వారికి 'కివి'. ఇ, ఎ అను అచ్చులకై నాలుక ముందునకు జరిగి తాలువును చేరబోవును. ఆ వేగములో వెనుక పుట్టవలసిన కకారము ముందునకు లాగబడి చకారమైనది. కావున మేము శుద్ధమని బోధించు 'చె' అను ధ్వనియే యొకనాడు జారిన నాలుక ఫలము! ఇక రెండవ యక్షరము. నిఘంటువులో ఈ మాట బండి ఱకారముతో 'చెఱువు' అని యున్నది. ప్రాచీన కవులు ర, ఱ లను ప్రాసలో కలుపక వేరుగా పాటించిరి. నేడా భేదమును మేము పలుకము. ఈ వ్యాసమున వ్రాయనుకూడ వ్రాయుటలేదు. బాలుడు ఆ మాటలో ఒక యక్షరము తప్పెనని మేము నవ్వితిమి. అదే మాటలో మరియొక యక్షరము మా నోట తప్పిపోయి యున్నదని మేమెరుగము.

బాలుని సకారము సంగతి యేమి? చకారమును పలుకునప్పుడు నాలుక గాలిని ఒక్క క్షణము పూర్తిగా ఆపి, పిదప ఇరుకు సందున విడుచును. ఆ ఆపుట సడలినచో మిగులునది సకారమే. ఇది నేటి బస్తీలో పుట్టిన వింత కాదు. మనము నిత్యము తిను ఉప్పును చూడుడు. మూలద్రావిడమున ఈ మాటకు మొదట చకారముండెనని భాషావేత్తలు నిర్ణయించిరి. బస్తరులోని పర్జీ భాషలో ఆ చకారము నేటికిని నిలిచియున్నది. మన ఆదిలాబాదు మొదలుగా పలు సీమలలో వ్యాపించిన గోండీ భాషలో ఇట్టి మాటలకు కొన్నిచోట్ల సకారము, కొన్నిచోట్ల హకారము, మరికొన్నిచోట్ల శూన్యము. భద్రిరాజు కృష్ణమూర్తిగారు (1928–2012) ఈ మార్పును ఊరివెంట ఊరుగా, మాటవెంట మాటగా పరిశీలించి 1998లో ప్రకటించిరి. మన 'ఆరు' గోండీలో 'సారూంగ్'. చకారము సకారమై, సకారము హకారమై, తుదకు ఏమియు మిగులదు. ఉప్పు, ఆరు అను మాటలను పండితుడును పామరుడును ఒక్కతీరుననే పలుకుదురు. వానిలో మొదటి హల్లు పోయినదని యెవరును నవ్వరు.

అన్యభాషలకు పోయినను ఇంతే. సంస్కృతమున 'సప్త' యనునది పారసీకమున 'హఫ్త్'. దానినుండి వచ్చిన 'హఫ్తా' మన హైదరాబాదు వీధులలో వారమునకు పేరై తిరుగుచున్నది. ఇంగ్లీషున 'నైట్' అను వీరుని పేరునకు ముందు కకారము వ్రాసి పలుకకుండవలెనని మేమే నేర్పుచున్నాము. దొరల నోట పోయిన ధ్వని నియమమైనది. వడ్రంగి నోట మారిన ధ్వని మాత్రము దోషమైనది.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవరల భాష నేర్చి, జీవభాషకై పోరాడిన గిడుగు రామమూర్తిపంతులుగారి (1863–1940) జన్మదినమైన ఆగస్టు 29ని మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుచున్నాము. మేమును ఏటేట ఉపన్యసించుచున్నాము. కాని వ్యవహారభాషకు బడి తలుపు తెరచినప్పుడు లోనికి వచ్చినది శిష్టుల వ్యవహారమే. వడ్రంగి యింటి మాట గడప కావలనే నిలిచినది. మా యిరుగుపొరుగు పరిశ్రమయు అట్లే చేసినది. తెలుగు సినిమా మదరాసునుండి క్రమక్రమముగా ఇచ్చటికి తరలినది. అన్నపూర్ణ స్టూడియో 1976లో వెలసినది. ఈ గడ్డపై నిలిచియు, చిరకాలము ఈ గడ్డ మాటను హాస్యగానికిని రౌడీకినే యిచ్చినది. ఆ తండ్రివంటివారు కట్టిన కొయ్యమేడలలో నిలుచుండియే నటులు వారి మాటతో జనులను నవ్వించిరి. 2017లో 'ఫిదా' నాయిక తెలంగాణపు మాట పలికినది. 2023లో 'బలగం' ఒక కుటుంబపు దుఃఖమునంతయు ఆ మాటలోనే చెప్పినది. సినిమా నేర్చుకొనుచున్నది. బడి వెనుకబడరాదు గదా!

అట్లయిన ఎవడెట్లు పలికినను సరియేనా, వ్రాతకు ఏకరూప మక్కరలేదా యని కొందరడుగుదురు. అక్కరయే. పరీక్షలో 'చెరువు' అనియే వ్రాయవలెను. లేనిచో నష్టపోవునది బాలుడే. కాని బిడ్డకు రెండవ చొక్కా కుట్టించుట వేరు. ఒంటిమీది చొక్కాను చింపుట వేరు.

మరునాడు నల్లబల్లపై 'కెఱె, చెఱువు, చెరువు, సెరువు' అని వరుసగా వ్రాసి, ఈ చరిత్రనంతయు పిల్లలకు చెప్పితిమి. బండి ఱకారమును పలుకబోయి పలుకలేక, "ఇప్పుడు నన్ను చూచి నవ్వుడు" అంటిమి. ఎవరును నవ్వలేదు. అప్పుడు ఆ వడ్రంగి కుమారుడు మెల్లగా లేచి, "సార్, సకారం హకారమయి, గది గూడ పోతె, సెరువు ఎరువయితది గద సార్!" అనెను. తరగతియంతయు పకపక నవ్వెను. ఆ నవ్వులో అతడును కలిసెను.

వేషము తిరిగి ఇయ్యలేకపోతిమి; ఉత్సవము గడచిపోయినది. ఆ తండ్రి యింటికి పోయి, తప్పు మాదేయని చెప్పుకొంటిమి. అతడు పెద్దగా ఏమియు అనలేదు. "ఇప్పుడు మాట్లాడుతుండు సారూ" అని మాత్రము చెప్పి చాయ తెప్పించెను. ఉపాధ్యాయ సోదరులకు మా మనవి యొక్కటే. పిల్లవాని మాట దిద్దుటకు ముందు, ఆ మాట యెచ్చటినుండి యే త్రోవను వచ్చినదో ఒక్కసారి విచారింపుడు. దిద్దవలసివచ్చినచో దిద్దుడు. నవ్వకుడు.