ఐదు నదులు దాటాము

పింఛను పుచ్చుకునే వయస్సులో భార్యాభర్తలిద్దరూ సముద్రపు ఒడ్డున గుడారం వేసుకుని పడుకున్నారంటే, వాళ్ళింట్లో కోడలితో ఏదో పేచీ వచ్చి వుంటుందని లోకం అనుకుంటుంది. మా విషయంలో అటువంటిదేమీ లేదు. మా అబ్బాయి ఉద్యోగం బెంగుళూరు నుంచి పూనాకి మారినప్పుడు, పనికిరాని సామానంతా విశాఖపట్నంలో మా అటక మీద పడేశాడు. అందులో ఒక గుడారం వుంది. మడిస్తే పసిపిల్లల పరుపంత, విప్పితే ఇద్దరు మనుషులు, ఒక సంచీ పట్టేంత. ఏదైనా వస్తువు వూరికే పడి వుంటే నా ప్రాణం వొప్పదు. అంతే కారణం.

ఇంకో పని కూడా తగిలింది. వినాయక చవితికి మా బావమరిది కవిటి దగ్గర వాళ్ళ వూరినుంచి ఫోను చేశాడు. మా మామగారి కొబ్బరితోటకు బేరం వచ్చిందట. ఆయన వీలునామా రాయకుండా పోయారు గనుక అక్కగారి సంతకం కూడా కావాలట. "రిజిస్ట్రారు ఆఫీసుకి తిన్నగా వచ్చేయండి బావా, సాయంత్రానికి తిరిగి వెళ్ళిపోవచ్చు" అన్నాడు. కాగితాలు కూడా పంపించాడు.

జాతీయ రహదారి మీద వెళితే సుమారు ఐదు గంటల ప్రయాణం. "అలా కాదు, సముద్రం పక్కనుంచి నాలుగు రోజులు తీరిగ్గా వెళదాం" అన్నాను. మా ఆవిడ ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా "సరే" అన్నది. నలభై ఏళ్ళు కాపురం చేసినవాణ్ణి, ఆ "సరే" వినగానే అనుమానించి వుండవలసింది. అనుమానించలేదు.

ఇరుగుపొరుగువారు మాత్రం మందలించారు. ఆశ్వయుజ మాసంలో ఉత్తరాంధ్ర తీరం నమ్మదగ్గది కాదు. నైరుతి వెనక్కి మళ్ళే ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. విశాఖను వూడ్చిపెట్టిన హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న వచ్చింది. ఉద్దానాన్ని నేలమట్టం చేసిన తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చింది. "వాన పడితే తడుస్తాం, ఉప్పుబొమ్మలమా?" అన్నది మా ఆవిడ. పౌర్ణమినాడు పొద్దున్నే బయలుదేరాము. రుషికొండ దాటకుండానే చినుకు మొదలైంది.

తొట్లకొండ ఎక్కాము. బౌద్ధ భిక్షువులు వాన నీటికోసం రాతిలో తొలిచిన తొట్లు వున్న కొండ గనుక ఆ పేరు. రెండు వేల ఏళ్ళనాటి ఆ తొట్లలో ఇప్పటికీ వాన పడుతూనే వుంది. అక్కణ్ణుంచి ఎర్రమట్టి దిబ్బలు. ఎండలో వాటిని చాలాసార్లు చూశాను గాని వానలో చూడడం అదే మొదలు. వేల ఏళ్ళ కిందట గాలి తెచ్చి పోసిన ఇసుక, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. వాన నీరు దాన్ని కోసుకుంటూ పారాణి కలిపిన నీళ్ళలా కిందికి దిగుతోంది. కొండల్లా కనిపించే ఆ దిబ్బలు వానకు కరిగేవేనని అప్పుడు తెలిసింది. భీమిలిలో డచ్చివారి సమాధులు నాచుపట్టి నానుతున్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పట్నం అది. ఒకప్పుడు పెద్ద రేవు. ఇప్పుడు మధ్యాహ్నపు నిద్రలో వున్న జమీందారులా వుంటుంది.

మన తీరం వెంట ఒకటే రోడ్డు సాగిపోతుందనుకుంటే పొరపాటు. కొన్ని నదులు సముద్రంలో కలిసేచోట దారి తెగిపోతుంది. వెనక్కి వచ్చి, రహదారి మీది వంతెన దాటి, మళ్ళీ ఇంకో దారిన సముద్రం దగ్గరికి దిగాలి. అంచేత ఈ ప్రయాణంలో మైలురాళ్ళకన్న నదులే లెక్క. గోస్తని దాటుతుండగా మా ఆవిడ వేలు మడిచింది, "ఒకటి" అని. చంపావతి దగ్గర "రెండు" అన్నది. ఏమిటి లెక్క అంటే చెప్పలేదు.

మొదటి రాత్రి చింతపల్లి ఒడ్డున మకాం. నేను ఎంతో వివేకంగా రెండు ఇసుక దిబ్బల మధ్య పల్లాన్ని ఎంచాను, గాలి తగలదని. "అక్కడ నీళ్ళు చేరతాయేమో" అన్నది మా ఆవిడ. ఆడవారికి ఇటువంటివి తెలియవన్నాను. పదింటికి వాన జోరైంది. పదకొండింటికి అడుగున పరుపు తేలింది. పన్నెండింటికి మేకులు ఇసుకలోంచి ఒక్కొక్కటే పైకి వచ్చి, గుడారం మా ఇద్దరిమీదా తడిదుప్పటిలా కప్పుకుంది. మిగిలిన రాత్రంతా కారులో కూర్చుని తెల్లవార్చాము. ఆవిడ ఏమీ అనలేదు. అని వుంటే బాగుండేది.

తెల్లవారి ఒక జాలరి ముసలమ్మ వచ్చి మా అవస్థ చూసి పకపకా నవ్వింది. "ఇసకలో మేకులు నిలుస్తాయేటి బాబూ? గోనెసంచిలో ఇసక పోసి, దానికి తాడు కట్టి, మూరెడు లోతున పాతుకోవాల. పల్లంలో పడుకోకూడదు. ఈ పడవలు ఎక్కడికి నాగి పెట్టినామో సూసినారా? పున్నానికీ అమాసకీ సముద్రం అక్కడిదాకా వస్తాది. ఆటికి ఎనకాల వుండాల" అని, ఇంటికి తీసుకుపోయి ఇద్దరికీ చోడి అంబలి పోసింది. నాలుగు గోనెసంచులు కూడా ఇచ్చింది. డబ్బులివ్వబోతే, "సంచులకి డబ్బులేటమ్మా" అని మా ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది.

కారు ఎక్కాక చూసుకుంటే, సంచీలో తోట కాగితాలు తడిసి ముద్దయ్యాయి. నా గుండె గుభేలుమంది. మా ఆవిడ మాత్రం వాటిని వెనక సీటు మీద ఒక్కొక్కటే పరిచి, "ఆరితే ఆరుతాయి" అన్నది. ఆ గొంతులో విచారం ఎంత వెతికినా కనిపించలేదు.

శ్రీకాకుళంలో నాగావళి దాటాము. మూడు. శ్రీకూర్మంలో కూర్మనాథుని దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి కళింగపట్నం చేరాము. అక్కడ ఒకటో నెంబరు హెచ్చరిక ఎగరేశారు. రేడియోలో ఎన్నోసార్లు విన్న మాటే గాని, దాని అర్థం అంతవరకూ నాకు సరిగ్గా తెలియదు. రేవుల్లో పదకొండు రకాల హెచ్చరికలున్నాయి. ఒకటో నెంబరంటే ఎక్కడో దూరాన సముద్రంలో వాయుగుండం వున్నదని. మూడో నెంబరైతే ఆ రేవుకే ఈదురుగాలుల భయం వున్నదని. నెంబరు పెరిగినకొద్దీ అపాయం పెరుగుతుంది. పదకొండోది, వాతావరణ కేంద్రంతో సంబంధమే తెగిపోయిందని చెప్పేది. ఒకటికే పడవలన్నీ పైకి లాగేశారు. తెలిసినవాడు ముందే తగ్గి వుంటాడు. నాబోటివాడు పల్లంలో పడుకుంటాడు.

ఈసారి పడవలకు వెనకాల, సరుగుడు తోపుకు ఎడంగా, మెరక మీద గుడారం వేశాము. గాలికి కొమ్మలు విరుగుతాయి గనుక చెట్లకింద కూడా పనికిరాదట. నాలుగు సంచుల్లో ఇసుక పోసి పాతాను. రాత్రంతా వాన గుడ్డమీద పేలాలు వేగినట్టు చిటపటలాడింది. దీపస్తంభం వెలుగు వచ్చి పోతూ వుంది. ఒక్క చుక్క లోపలికి రాలేదు. "నేర్చుకుంటే మీకూ వస్తుంది" అన్నది మా ఆవిడ. మా ఇంట్లో అది పెద్ద బిరుదు.

మర్నాడు శాలిహుండం కొండమీద స్తూపాల దగ్గర నిలబడి, వంశధార మెలికలు తిరుగుతూ సముద్రానికి పోవడం చూశాము. తరవాత మడపాం వంతెన మీద ఆ నదినే దాటాము. నాలుగు. తేలినీలాపురంలో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు కట్టుకుంటున్నాయి. అవి వస్తేనే వూరికి శుభమని అక్కడివారి నమ్మకం. నౌపడలో ఉప్పుమళ్ళన్నీ నీళ్ళు నిండి ఆకాశాన్ని చూపిస్తున్నాయి. ఉప్పు పండేవాడికి వానంటే పంట మునగడమే. వరి పండేవాడికి అదే వాన వరం. సాయంత్రానికి బారువ చేరాము. అక్కడ మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది. మా ఆవిడ అయిదో వేలు మడిచి, పిడికిలి అలాగే వుంచుకుంది.

ఆ రాత్రి గుడారంలో దీపం పెట్టుకుని కూర్చున్నాము. "నాన్న నన్ను విశాఖపట్నంలో బళ్ళో వేయడానికి తీసుకువెళ్ళినప్పుడు నేను ఏడుస్తుంటే, నదులు లెక్కపెట్టమన్నాడు. మనింటికీ బడికీ మధ్య ఐదే నదులు, ఎప్పుడు బెంగపెట్టుకున్నా ఐదు వేళ్ళు మడిచెయ్యి, ఇంటికి వచ్చినట్టే అన్నాడు" అన్నది. కాసేపాగి, "తిత్లీ తరవాత వెళ్ళి చూశాం కదా, ఎనభై నాలుగు చెట్లకి పదమూడు మిగిలాయి. అవి పడి వున్న తీరు చూడలేక మళ్ళీ ఆ తోటలో కాలు పెట్టలేదు. అమ్మేయమంటే అందుకే సరేనన్నాను. ఒక్కసారి మెల్లగా, అన్ని నదులూ దాటుకుంటూ వెళ్ళి సెలవు పుచ్చుకుని వద్దామనుకున్నాను" అన్నది.

నేను మాట్లాడలేకపోయాను. నాకది విహారయాత్ర. ఆవిడకది పుట్టింటికి ఆఖరి ప్రయాణం. ఇద్దరమూ ఒకే గుడారంలో మూడు రాత్రులు పడుకున్నాము గాని, అంతవరకూ వేరు వేరు దారుల్లో వచ్చాము.

మర్నాడు అట్లతద్ది. చుక్క పొడవకముందే లేచి, వానలోనే చిన్న పొయ్యి మీద అన్నం వండి, పెరుగూ గోంగూర పచ్చడీ వేసుకుని తిన్నది. ఉద్యాపన చేసుకుని ముప్ఫై ఏళ్ళయింది, ఇప్పుడీ ఉపవాసమేమిటని నేను అడగలేదు. రిజిస్ట్రారు ఆఫీసు తెరిచేందుకు ఇంకా చాలా వ్యవధి వుంది. "ముందు తోటకే పోదాం" అన్నాను.

ఉద్దానమనే పేరు ఉద్యానవనం నుంచి వచ్చిందంటారు. తోట గట్టు దగ్గర కారు ఆపి దిగాము. మొదళ్ళు మిగిలిన బీడు చూస్తామనుకుని దిగాము. ఎదురుగా, పాత చెట్ల మధ్య ఖాళీల్లో, వరసలు వరసలుగా కొత్త కొబ్బరి చెట్లు నిలబడి వున్నాయి. ఆకులు వానకు నిగనిగలాడుతున్నాయి. వాటిలో మూడు నాలుగింటికి తొలి గెలలు దిగాయి.

మా బావమరిది గొడుగు వేసుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఎప్పుడు వేశావురా ఇవి?" అన్నది మా ఆవిడ.

"2019లో అక్కా. దేశవాళీ మొక్కలు, ఆరేడేళ్ళకి గాని కాపుకి రావు. నీకు చెబితే డబ్బు పంపిస్తావని చెప్పలేదు. పిల్లలా, ఒక్కడూ వూళ్ళో వుండరు. వీటికి నీళ్ళు పోసీ పోసీ నాకూ వోపిక అయిపోతోంది. ఎన్నాళ్ళని ఒక్కణ్ణీ కాపలా కాస్తాను? అందుకే..." అని తల వంచుకున్నాడు.

అతని కష్టం అబద్ధం కాదు. మా ఆవిడ చాలాసేపు ఒక చెట్టు మానుమీద చెయ్యి వేసి నిలబడింది. "ఒక్క ఏడాది ఆగు. తొలికాపు కోశాక మాట్లాడుకుందాం. నువ్వొక్కడివీ కాపలా వుండక్కర్లేదు. మూడు నెలలకోసారి మేం వచ్చి వుంటాం, మీ బావకి గుడారం వెయ్యడం వచ్చింది" అన్నది. అతను నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు. బేరం పెట్టినవారికి ఆ పూటే కబురు పంపించాడు.

రహదారి మీద ఐదు గంటల్లో వచ్చి వుంటే, సంతకం చేసి, కాఫీ తాగి, రాత్రికి విశాఖపట్నం చేరేవాళ్ళం. ఆ చెట్లు వున్నాయనైనా తెలిసేది కాదు.

మా బావమరిది మనవరాలు మామిడికొమ్మకు వుయ్యాల కట్టింది. వాన తెరిపిచ్చినప్పుడు మా ఆవిడ కూడా కూర్చుని వూగింది. రాత్రి మబ్బులో చంద్రుడు కనిపించలేదు. కనిపించే వేళ అయిందని పంచాంగం చూసి చెప్పాను. మరదలుగారు అట్లు వడ్డించారు.

కాగితాలు ఆరాయి. కాని మడతలు అంటుకుపోయి విప్పితే చిరిగేలా వున్నాయి. అటక మీద పెట్టాను. గుడారం మాత్రం అటక ఎక్కలేదు. ఇచ్ఛాపురం దగ్గర బాహుద అని ఇంకో నది వుంది, దాన్ని చూడనే లేదని మా ఆవిడ నిన్న కూడా గుర్తుచేసింది.