చుట్టం కాని పిన్నిగారు

మనవాళ్ళకి చుట్టరికం పిలుపుతోనే వచ్చేస్తుంది. పక్కింటావిడ పిన్నిగారు, ఎదురింటాయన బాబాయిగారు, పెదనాన్నగారి అమ్మాయి సొంత అక్కే. అమెరికా పన్నుల చట్టానికి మాత్రం ఈ పిలుపులు పట్టవు. దానికో జాబితా ఉంది. అందులో అమ్మానాన్నలు, తోబుట్టువులు, తాతలు, మామ్మలు, అత్తమామలు, ఆడపడుచులు, బావమరుదులు ఉన్నారు. అమ్మ తోడబుట్టిన పిన్ని ఉంది గానీ, ఆ పిన్ని భర్త లేడు. పెదనాన్న పిల్లలు, పిన్ని పిల్లలు అసలే లేరు. చట్టం లెక్కలో వాళ్ళు మనకేమీ కారు.

అయితే ఏమీ కానివాళ్ళని పోషిస్తున్న ఇళ్ళకి కూడా ఆ చట్టంలో ఒక చిన్న తలుపు ఉంది. మా ఇంట్లో పిన్నిగారు ఉండబట్టి నాకది తెలిసింది.

పిన్నిగారు తెనాలిలో మా అమ్మవాళ్ళ పక్కింటావిడ. జాకెట్లు కుట్టి ఒక్కగానొక్క కొడుకుని చదివించింది. అతను ఇక్కడ సిటిజన్ అయ్యాక గ్రీన్ కార్డు మీద తల్లిని తెచ్చుకున్నాడు. తర్వాత రెండేళ్ళకే పోయాడు. కోడలు పసిపిల్లని తీసుకుని కాలిఫోర్నియాలో ఉన్న పుట్టింటివాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఆ అమ్మాయిని తప్పుపట్టడానికేం లేదు. పిన్నిగారు ఇండియా వెళ్ళిపోవచ్చు, కానీ మనవరాలు ఇక్కడుంది. 2024 ఫిబ్రవరిలో మా ఇంటికి వచ్చింది. పెద్దమ్మాయి గదిలో ఇంకో మంచం వేశాం. అంతే.

ఈసారి పన్నుల కాయితాలు ముందేసుకున్నప్పుడు మావారు, "పిన్నిగారిని డిపెండెంట్‌గా రాయొచ్చేమో చూద్దాం" అన్నారు. చుట్టం కాని పెద్దవాళ్ళని రాయాలంటే మొదటి షరతు, ఆ ఏడాది జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా మన ఇంటి మనిషిగా మనతోనే ఉండాలి. 2024లో ఫిబ్రవరిలో వచ్చింది కాబట్టి ఆ ఏడాది కుదరదు, 2025కి కుదురుతుంది. మధ్యలో నెల రోజులు తెనాలి వెళ్ళొచ్చినా, ఆస్పత్రిలో ఉన్నా ఫరవాలేదు. తిరిగి మనింటికే వస్తే ఇక్కడ ఉన్నట్టే లెక్క.

రెండోది ఆదాయం. 2025కి ఆ మనిషి ఆదాయం 5,200 డాలర్ల లోపు ఉండాలి. గ్రీన్ కార్డున్నవాళ్ళకి ఇండియాలో వచ్చే వడ్డీ, పెన్షన్ కూడా ఇందులోకే వస్తాయి. పిన్నిగారికి తెనాలి బ్యాంకు డిపాజిట్ల మీద వచ్చే వడ్డీ ఏడాదికి 1,700 డాలర్లు దాటదు.

మూడోది, ఆ మనిషి పోషణలో సగానికి పైగా మనమే భరించాలి. దీనికి ఐఆర్‌ఎస్ పబ్లికేషన్ 501లో లెక్క వేసుకునే పట్టీ ఉంది. నా కిరాణా పుస్తకం పనికొచ్చింది. మా ఊళ్ళో గది అద్దె నెలకి 800 చొప్పున ఏడాదికి 9,600. ఇంటి తిండి ఖర్చుని అయిదుగురికి పంచితే ఆవిడ వాటా 3,000. ఇన్సూరెన్సు, మందులు 3,400. మొత్తం 16,000 మేం పెట్టింది. ఆవిడ తన డబ్బుతో తన కోసం వాడుకున్నది 1,200. మనవరాలికి కొని పంపిన గౌన్లు ఆవిడ పోషణ కిందకి రావు, బ్యాంకులో దాచుకున్నదీ రాదు.

నాలుగోది, ఆ మనిషి సిటిజన్ గానీ, పన్నుల లెక్కలో ఇక్కడి రెసిడెంట్ గానీ అయ్యుండాలి. కెనడా, మెక్సికోల్లో ఉండేవాళ్ళకి మినహాయింపు ఉంది, మనకి లేదు. అందుకే ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకి మనం నెలనెలా ఎంత పంపినా, వాళ్ళని ఇక్కడ డిపెండెంట్లుగా రాయలేం.

ఇవన్నీ కుదిరితే వచ్చేది 500 డాలర్ల క్రెడిట్. కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది, పన్నే లేకపోతే చేతికేం రాదు.

లెక్క తేలింది గానీ పిన్నిగారి మొహం చిన్నబోయింది.

"ఏవమ్మాయ్, నేను మీ మీద పడి తింటున్నానని గవర్నమెంటుకి రాసిస్తారా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే ఆ ముద్ర నాకూ తెలుసు. పదకొండేళ్ళు హెచ్4 వీసా మీద ఉన్నాను. బ్యాంకుకెళ్ళినా, లైసెన్సుకెళ్ళినా "డిపెండెంటా?" అని అడిగేవాళ్ళు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఇల్లు నడిపే మనిషికి ఆ మాట వినడం ఎలా ఉంటుందో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు.

పిన్నిగారి పక్కన కూర్చుని చెప్పాను. "పిన్నిగారూ, పన్నుల కాయితంలో భార్య ఎప్పుడూ డిపెండెంట్ కాదు. సంపాదన లేకపోయినా జాయింట్‌గా వేసేటప్పుడు ఆయన పక్కన నా సంతకం ఉండాలి. అందులో ఏం రాసినా ఇద్దరికీ బాధ్యతే. వీసా కాయితం నన్ను డిపెండెంట్ అన్నప్పుడూ నేను ఈ మనిషినే, ఇదనప్పుడూ ఈ మనిషినే. ఈ ఇంట్లో ఎవరున్నారు, ఖర్చు ఎవరు పెట్టారు అని అడుగుతున్నారు, అంతే. మీరు మా పిల్లలకి నేర్పిన పద్యాలకీ, ఊరగాయలకీ అందులో గడి లేదు."

ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సరే, ఉన్నదే కదా, రాసుకోండి" అంది. ఆవిడ సరేననే దాకా మేం రాయలేదు. మీరెవరైనా ఈ పని చేయబోతే ముందు ఆ మనిషిని అడగండి. డబ్బు లెక్క పది నిమిషాల్లో తేలుతుంది, మనసు లెక్కకి టైమివ్వాలి.

ఫైలింగ్ స్టేటస్ సంగతి కూడా చెప్పాలి. మేం భార్యాభర్తలం కలిసి వేస్తాం కాబట్టి పిన్నిగారి వల్ల మా స్టేటస్ మారలేదు. నా స్నేహితురాలికి మాత్రం ఆశ పుట్టి పోయింది. విడాకులయ్యాక ఒక్కతే ఉంటోంది. గ్రీన్ కార్డున్న వాళ్ళ పెదనాన్న కూతురు ఆరోగ్యం బాలేక ఉద్యోగం మానేసి, రెండేళ్ళుగా ఈమె దగ్గరే ఉంటోంది. ఖర్చంతా ఈమెదే, అక్కకి ఆదాయం లేదు. "అయితే నేను హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ కదా?" అంది. కాదు. ఆ స్టేటస్ కావాలంటే డిపెండెంట్ చట్టం జాబితాలోని చుట్టమై ఉండాలి. ఏడాదంతా ఇంట్లో ఉన్నందువల్ల డిపెండెంట్ అయిన మనిషితో ఆ స్టేటస్ రాదు. 2025కి సింగిల్ వాళ్ళకి స్టాండర్డ్ డిడక్షన్ 15,750, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌కి 23,625. అదే సొంత అక్క అయ్యుంటే ఈమెకి ఆ రెండోది వచ్చేది. అక్కని డిపెండెంట్‌గా రాసుకుని, 500 క్రెడిట్ తీసుకుని, సింగిల్‌గానే వేసింది. "చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నామని ఏ గడిలో రాయను?" అని నవ్వింది గానీ, ఆ నవ్వులో బాధ ఉంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఉంటే మూడు కాయితాలు జాగ్రత్త చేసుకోండి. మీ చిరునామాతో ఆ మనిషి పేరు మీద వచ్చిన ఉత్తరాలు, మందుల బిల్లులు, నెలనెలా కిరాణా లెక్క. ఎవరైనా అడిగితే చూపించాల్సింది అవే. లెక్క అంచు మీద ఉంటే పన్నులు తెలిసినవాళ్ళని ఒకసారి అడగండి.

మావారు ఫారం నింపుతుంటే చుట్టరికం దగ్గర ఆగారు. మేం వాడే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జాబితా చివర "ఇతరులు" అని ఉంది. అదే నొక్కారు.

ఆ అయిదువందలతో జూన్‌లో పిన్నిగారికి కాలిఫోర్నియా టికెట్ కొన్నాం. మనవరాలికి ఆరేళ్ళు నిండుతాయి. పిన్నిగారు ఇప్పటినుంచే పట్టులంగా కుడుతోంది, కొలతలు ఫోన్‌లో కోడల్ని అడిగి రాసుకుంది.