కుక్కల జట్టు, పిల్లుల జట్టు, మధ్యలో ఓ సొలానో

మీ పేట క్రికెట్ జట్టుకి పేరు పెట్టమంటే ఏం పెడతారు? సింహాలంటారు, చిరుతలంటారు. అమెరికాలో, టెక్సస్ సరిహద్దున ఎల్ పాసో అని ఓ ఊరుంది. అక్కడి బేస్‌బాల్ జట్టు పేరు చివావాస్. అవునండీ, చేతిసంచిలో పట్టే ఆ బుల్లి కుక్క పేరే. కాలిఫోర్నియాలో శాక్రమెంటో జట్టు రివర్ క్యాట్స్, అంటే ఏటిగట్టు పిల్లులన్నమాట. పేర్లు చూసి నవ్వుకోకండి. ఇవి మైనర్ లీగ్‌లో పైమెట్టు జట్లు. ఇంకొక్క మెట్టెక్కితే మేజర్ లీగే. ఆ ఒక్క మెట్టు కిందే జీవితాలు తెల్లారిపోతాయి.

ఆ కుక్కల జట్టులోనూ, పిల్లుల జట్టులోనూ ఆడొచ్చిన కొలంబియా మనిషొకడున్నాడు, డొనవన్ సొలానో. ఇవాళ్టి కబుర్లు అతనివే.

కొలంబియా అనగానే మనకు ఫుట్‌బాల్ గుర్తొస్తుంది. బొగోటా, మెదెయిన్ దాకా అది నిజమే. కరీబియన్ సముద్రం ఒడ్డున కార్తహేనా, బర్రాంకియా వైపు దిగారంటే మాత్రం కథ మారిపోతుంది. అక్కడ బేస్‌బాల్‌కీ పెద్దపీటే. పిల్లలకు బంతి కూడా అక్కర్లేదు. సోడాసీసా మూత ఒకడు విసురుతాడు, చీపురుకర్రతో ఇంకొకడు కొడతాడు. దాన్ని ‘చెకీతా’ అంటారు. గాలికి మెలికలు తిరుగుతూ వచ్చే అంత చిన్న రేకుముక్కని కర్రకి తగిలించగలిగినవాడికి, తరవాత బంతి గుమ్మడికాయంత కనబడుతుందంటే నమ్మొచ్చు.

సొలానోది బర్రాంకియా. పుట్టింది 1987 డిసెంబరులో. అతనికి పదేళ్లు నిండకముందే, 1997 అక్టోబరులో, అదే ఊరివాడు ఎడ్గార్ రెంతెరియా వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్‌లో పదకొండో ఇన్నింగ్స్‌లో కొట్టిన బంతి పిచ్చర్ గ్లవ్‌ను రాసుకుంటూ మైదానం మధ్యలోంచి వెళ్లిపోయింది. ఆ ఒక్క దెబ్బతో ఫ్లోరిడా మార్లిన్స్ ఛాంపియన్లు. రెంతెరియా షార్ట్‌స్టాప్, అంటే సెకండ్, థర్డ్ బేస్‌ల నడుమ కాపుకాసే ఇన్‌ఫీల్డర్. ఇక ఆ ఊళ్లో పిల్లలు ఏమవుదామనుకుంటారో వేరే చెప్పాలా?

2005లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ సొలానోతో ఒప్పందం రాయించుకుంది. అప్పటికి అతనికి పదిహేడు. అక్కణ్ణుంచి ఏడు సీజన్లు ఊరూరా బస్సు ప్రయాణాలే. మేజర్ లీగ్‌లో ఒక్క రోజు కూడా ఆడించలేదు. చివరికి వదిలేస్తే మార్లిన్స్ చేరదీసింది. 2012 మేలో తొలి మ్యాచ్. చిత్రమేమిటంటే, అదే నెలలో అతని అన్న హోనతాన్ కూడా వాషింగ్టన్ జట్టు తరఫున క్యాచర్‌గా మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. ఆ ఇంట్లో ఆ నెల ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోండి.

ఇంతకీ సొలానోలా సెకండ్ బేస్ దగ్గర నిలబడేవాడి పనేమిటో ఒక్కసారి దగ్గరగా చూడండి. షార్ట్‌స్టాప్ బంతి అందుకుని ఇటు విసురుతాడు. పట్టే వేళకి ఎడమకాలు బేస్‌ని తాకుతూ ఉండాలి. ఫస్ట్ బేస్ నుంచి పరిగెత్తుకొచ్చేవాడు దుమ్ము లేపుకుంటూ నేరుగా బేస్ మీదికి, మన చీలమండల పక్కకే, జారుతుంటాడు. వాణ్ని చూడకూడదు. బంతి గ్లవ్‌లో పడీపడకముందే కుడిచేతిలోకి తీసుకుని, గాల్లోకి ఎగిరి, ఒళ్లు తిప్పి, బంతి కొట్టినవాణ్ని కూడా అవుట్ చేయడానికి ఫస్ట్ బేస్‌కి విసరాలి. అందుకే వీళ్ల గ్లవ్ చిన్నది. లోతైన గ్లవ్‌లో బంతి కోసం తడుముకునే వ్యవధి ఉండదు. ఇదంతా సజావుగా జరిగితే ఎవరూ చప్పట్లు కొట్టరు. బంతి చేజారితే మాత్రం స్కోరుబోర్డు మీద ‘ఎర్రర్’ అని పడొచ్చు.

పైగా సొలానోలాంటివాళ్లని ఇవాళ సెకండ్‌లో, రేపు థర్డ్‌లో, ఎల్లుండి ఇంకోచోట నిలబెడతారు. యుటిలిటీ అని గొప్ప పేరొకటి పెట్టారు గానీ, మన భాషలో కరివేపాకే. పోపులోకి లేకపోతే కుదరదు, కంచంలోకొచ్చాక పక్కన పెట్టేస్తారు.

డబ్బు సంగతీ చెప్పాలి. మైనర్ లీగ్ ఆటగాళ్లకు 2023లో మొదటిసారి యూనియన్ ఒప్పందం కుదిరింది. పైమెట్టు ట్రిపుల్-ఎలో ఏడాదికి కనీస జీతం అప్పుడు 35,800 డాలర్లయింది. అంతకుముందు? 17,500. కోట్ల డాలర్ల జట్లు, వాటి నీడలో ఈ జీతాలు. నాకైతే ఒళ్లు మండుతుంది.

మార్లిన్స్ తరవాత యాంకీస్ చేరాడు. 2017 అంతా ఆ జట్టు మైనర్ లీగ్ ఊరు స్క్రాంటన్‌లో, 2018 అంతా డాడ్జర్స్ పంచన ఓక్లహోమా సిటీలో. రెండేళ్లలో పైనుంచి ఒక్క పిలుపూ లేదు. ముప్ఫై నిండిన ఇన్‌ఫీల్డర్‌ని ఈ ఆటలో ముసలాడి కిందే జమకడతారు. అతని కెరీర్‌లో నన్ను పట్టుకుని ఆపేది ఈ రెండేళ్లే. తరవాతి మెరుపు గురించి అందరూ రాస్తారు.

ఆ మెరుపూ చెబుతాను. 2019లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ మైనర్ లీగ్ ఒప్పందం మీద తీసుకుని శాక్రమెంటో పిల్లుల్లో పడేసింది. మేలో పైకి పిలిచింది. ఆ ఏడు బ్యాటింగ్ సగటు .330, అంటే మూడు ప్రయత్నాలకి దాదాపు ఒక హిట్. మరుసటేడు .326. బ్యాటు లావు భాగాన్ని ‘బ్యారెల్’ అంటారు. బంతి ఎప్పుడూ అక్కడే తగులుతోందని ‘డొన్నీ బ్యారెల్స్’ అని ముద్దుపేరు పెట్టారు. తన లీగ్ సెకండ్ బేస్‌మెన్‌లో మేటి బ్యాటర్‌గా సిల్వర్ స్లగ్గర్ అవార్డు కూడా వచ్చింది. ఎప్పుడంటారా? 2020లో. కోవిడ్ ఏడు, అరవై మ్యాచ్‌ల సీజన్. గ్యాలరీలో మనుషుల్లేరు, అట్టబొమ్మలు కూర్చున్నాయి. పదిహేనేళ్లు ఎదురుచూసిన పండగకి చుట్టాలంతా అట్టముక్కలే!

2023లో మిన్నెసోటాకి 134 మ్యాచ్‌లాడాడు. అంతకుముందు ఏ సీజన్‌లోనూ అన్ని ఆడలేదు. ఇంకేం, స్థిరపడ్డాడనుకుంటాం కదా? చలికాలమంతా ఫోను మోగలేదు. 2024 సీజన్ మొదలైపోయాక, ఏప్రిల్లో, శాన్ డియేగో మళ్లీ మైనర్ లీగ్ ఒప్పందమే ఇచ్చింది. ముప్ఫై ఆరేళ్ల వయసులో, సిల్వర్ స్లగ్గర్ ఇంట్లో పెట్టుకుని, ఎల్ పాసో వెళ్లి చివావా చొక్కా తొడుక్కున్నాడు. మే నెలలో పైనుంచి పిలుపొచ్చింది. ఎక్కడ ఆడించారంటారా? కొన్నాళ్లు ఫస్ట్ బేస్, కొన్నాళ్లు థర్డ్ బేస్, కొన్నాళ్లు ఫీల్డింగే లేకుండా వట్టి బ్యాటింగ్.