పాటకో పద్దు

తెల్లవారుజామున గుడి మైకులో పాట మొదలవుతుంది. పాడిందెవరో గొంతు వినగానే చెప్పేస్తాం. మరి రాసిందెవరు? ఆ ప్రశ్న మనకు తట్టదు. తట్టినా చెప్పేవాళ్లుండరు.

మా బాబాయి బడిపంతులు. నా చిన్నప్పుడు ఓ క్యాసెట్ కంపెనీకి ఎనిమిది భక్తిపాటలు రాసిచ్చాడు. ఒక్కసారే కొంత సొమ్మిచ్చి కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి. సీడీలు పోయి యూట్యూబ్ వచ్చింది. పాటలు మాత్రం ఇంకా మోగుతూనే ఉన్నాయి. బాబాయికి రూపాయి రాదు. అది సరే, ఎక్కడా పేరైనా కనిపించదు. ‘సొమ్మొకడిది, సోకొకడిది’ అని పిన్ని అంటుంటే నవ్వి ఊరుకుంటాడు.

అందుకేనేమో, బ్లాక్‌చెయిన్ గురించి విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది బాబాయే. పేరు చూసి బెదరక్కర్లేదు. 1984లో ఆ పదవులు రద్దయ్యేదాకా ఊరి భూముల లెక్కలన్నీ ఆంధ్రలో కరణం దగ్గర, తెలంగాణలో పట్వారీ దగ్గర ఉండేవి. ఆయన రాసిందే రాత! అలాకాకుండా అదే పుస్తకం నకలు ఊళ్లో ఇంటింటా ఉంటే? ఒకరు గుట్టుగా దిద్దినా మిగతావాళ్ల పుస్తకాలు పట్టిచ్చేస్తాయి. బ్లాక్‌చెయిన్ అంటే స్థూలంగా అదే. మధ్యలో పెత్తందారు ఉండడు.

బ్రిటన్ గాయని ఇమోజెన్ హీప్ 2015లో ‘టైనీ హ్యూమన్’ అనే పాటను ఈ పద్ధతిలోనే విడుదల చేసింది. శ్రోత డబ్బు కట్టగానే, పాటకు పనిచేసినవాళ్లందరికీ ఎవరి వాటా వారికి దానంతటదే చేరిపోయే ఏర్పాటది. 2021 మార్చిలో బీపుల్ అనే అమెరికా చిత్రకారుడి డిజిటల్ బొమ్మ క్రిస్టీస్ వేలంలో 6.9 కోట్ల డాలర్లు పలికింది. బొమ్మ చేతులు మారినప్పుడల్లా గీసినవాడికి వాటా వస్తుందని అప్పట్లో తెగ ఊరించారు.

ఆ ముచ్చట ఎంతోకాలం నిలవలేదు. ఇలాంటి బొమ్మల పెద్ద బజారైన ఓపెన్‌సీ, ఇకపై ఆ వాటా ఇవ్వడం అమ్మేవాళ్ల ఇష్టమేనని 2023 ఆగస్టులో ప్రకటించింది. ఇన్నాళ్లూ వాటా ఇప్పించింది పుస్తకం కాదు, దుకాణమేనని అప్పుడు తేలింది!

ఇంకో చిక్కూ ఉంది. పుస్తకం తనలో రాసింది మరచిపోదు గానీ, రాసింది నిజమో కాదో దానికి తెలియదు. బాబాయి పాటను ఇంకెవరో ముందుగా తన పేరున ఎక్కించారనుకోండి. చెరగని పుస్తకంలో చెరగని అబద్ధమే మిగులుతుంది. తమ బొమ్మల్ని ఎవరో అమ్ముకుంటున్నారని ఎందరో చిత్రకారులు మొత్తుకున్నారు కూడా.

యంత్రం చేయలేని పని కొంత చట్టం చేసింది. మన కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ తెచ్చారు. పాట రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ, హక్కులు కొన్నవాళ్లతో సమానంగా రాయల్టీలో వాటా ఉంటుందని అందులో రాశారు. ఆ వాటా వదులుకుంటున్నట్టు సంతకం పెట్టినా చెల్లదు. అయితే ఏ పాట ఎక్కడ ఎన్నిసార్లు మోగిందో లెక్క తెలిస్తేనే కదా వాటా అడిగేది! ఆ లెక్క అందరి కళ్లముందూ ఉండేలా చూడటమే కొత్త పుస్తకం చేయగల మేలు. చట్టం లేని పుస్తకం ఉత్త రాత. పుస్తకం లేని చట్టం ఉత్త మాట.

మీ ఇంట్లోనూ పాటలు కట్టేవాళ్లో, బొమ్మలు గీసేవాళ్లో, వీడియోలు తీసే పిల్లలో ఉండే ఉంటారు. సంతకం పెట్టేముందు కాగితం పూర్తిగా చదవమనండి. మా బాబాయి ఈమధ్య మళ్లీ రాస్తున్నాడు. నోటుపుస్తకంలో ప్రతి పాట కిందా తేదీ వేసి పేరు రాసుకుంటున్నాడు.