ఆఱని దీపము

బీబీపేటలోని మా యింట పాత బల్బులు తీసి ఎల్.ఇ.డి. దీపములు పెట్టించితిమి. రాత్రి స్విచ్చి ఆపినను వసారా దీపము మినుకుమినుకుమనుచునే యుండెను. దీపమే చెడినదని తలంచి మార్చబోవుచు, ముందుగా హోల్డరునకు టెస్టరు తాకింపగా అది వెలిగెను! వెంటనే మెయిను ఆపి పనివానిని పిలిపించితిమి. ఫేజు తీగపై నుండవలసిన స్విచ్చి న్యూట్రలు తీగపై నున్నదని తేలెను. అట్లున్నచో స్విచ్చి ఆపినను 230 వోల్టుల విద్యుత్తు హోల్డరులో నిలిచియే యుండును. తీగలనుండి జాఱు లేశమాత్రపు ప్రవాహమే ఎల్.ఇ.డి.ని వెలిగింపజాలును, పాత బల్బునకది చాలదు గనుక తప్పు ఇన్నేండ్లు దాగెను. ఆ హోల్డరులోనే మేమెన్నిసారులో బల్బులు మార్చితిమి! బాలబాలికలారా, దీపమాఱినంతనే విద్యుత్తు తొలగినదని నమ్మకుడు. మెయిను ఆపింపుడు, తెలిసినవారిని పిలువుడు. దాగిన తప్పును బయలుపఱచిన ఆ చిన్న మినుకునకై దేవునికి స్తోత్రము చెల్లించితిమి.