చప్పట్లు వినెడి ప్రభ

శివరాత్రినాడు కురవి వీరభద్రస్వామి జాతరకు చుట్టుపట్ల పల్లెలనుండి తరలివచ్చు ప్రభబండ్లను చూచినవారికి, మానుకోట సీమలో వెలుగును నిలువునా నిలబెట్టి ఊరేగించుట నేటి వేడుక కాదని వేరుగ చెప్పనక్కరలేదు. మహబూబాబాదును ఆ ప్రాంతపువారు నేటికిని మానుకోట యనియే పిలుతురు. ఆ పట్టణమున పెండ్లిండ్లకును జాతరలకును దీపాలంకరణము చేయు ఒక కర్మశాలలో బతుకమ్మ పండుగకై పెద్ద వెలుగుశిల్పమొకటి సిద్ధమగుచున్నదనియు, అది దరిచేరినవారి చప్పట్లకు బదులు పలుకుననియు ఒక మిత్రుడు చెప్పగా, చూడవలెనని బయలుదేరితిని.

దీపమును చూడబోవువాడు ముందుగ సెమ్మె చేయువాని గుమ్మము తొక్కుట మర్యాద యని తోచి, త్రోవలో జనగామ చెంతనున్న పెంబర్తిలో దిగితిని. కాకతీయుల నాటినుండి వచ్చిన విద్యగా చెప్పుకొనుచు అచ్చటి విశ్వకర్మలు ఇత్తడిరేకును లక్కపై పరచి, ఉలితో కొట్టి, లతలను హంసలను ఉబ్బెత్తుగ తేల్చుచున్నారు. భౌగోళిక గుర్తింపు పొందిన పని యది. వ్రేలాడు దీపమునకు చిల్లులు కొట్టుచున్న ఒక వృద్ధుని చెంత కొంతసేపు కూర్చుంటిని. అచ్చట వెలుగు ఎటు పడవలెనో రేకే నిర్ణయించును. లోని వత్తి ఎవరు వెలిగించిన నేమి!

మానుకోట కర్మశాల గొప్ప భవనమేమియు కాదు. రేకుల కప్పు, నేలనిండ తీగచుట్టలు, గోడకు ఆనించిన వెదురు చట్రములపై నిరుటి వినాయకుడు, అంతకు ముందటి నెమలి. నడుమ 20 అడుగుల ఇనుప చట్రము, వలయముపై వలయముగ పైకి సన్నగిల్లుచు, పూలు పేర్చకముందటి బతుకమ్మయై నిలిచియుండెను. దానిచుట్టును 5,000 చిన్న దీపములు. పనివారు వానిని పిక్సెళ్లందురు. మేస్త్రీ అరువది దాటినవాడు. నేను రంగులను గూర్చి అడుగబోగా, "రంగులు పిలగాండ్లు చూసుకుంటరు సారూ, నేను గాలిని చూస్తా" అని, ఇసుకబస్తాలు మోపవలసిన చోట్లను సుద్దతో గుర్తించుకొనుచు పోయెను.

ఆయన ఈ విద్యలో ప్రవేశించిన నాళ్లలో దీపములను ఆడించినది ఒక కొయ్య రోలరు. దానిపై రాగిరేకు ముక్కలను బిగించి మోటారుతో త్రిప్పగా, రేకు తగిలిన తీగకు కరెంటు పాకి ఆ వరుస వెలుగుచు, తక్కినవి ఆరుచుండెడివి. నెమలి పురి విప్పుటయు, చక్రము తిరుగుటయు సర్వమును ఆ ముక్కల కూర్పులోని నేర్పే. జగద్ధాత్రి పూజల దీపములకు పేరుగాంచిన బెంగాలు చందననగరపు పనివారును ఇట్టి రోలర్లతోనే పనిచేసిరి. తరువాత వచ్చిన కంట్రోలరులో, కంప్యూటరున గీసిన బొమ్మలను ఎస్‌డి కార్డుకు ఎక్కించి దూర్చినచో తెల్లవార్లు అదే ఆట ఆడును. కాని ఆ రెండును చెవిటివే. ఎదుట వేయిమంది ఆడినను, ఒక్కరు లేకున్నను వానికి భేదము లేదు.

ఈ కొత్త ప్రభకు చెవి పెట్టుటయే కుర్రవారి సాహసము. చట్రమున మైకులు, అరచేతిలో ఇముడు ఒక బోర్డు, ఇంతే సరంజామా. ఒక్కొక్క పిక్సెలులో మూడు రంగుల దీపములును సూక్ష్మమైన చిప్పును కలవు; పంక్తిభోజనమున విస్తరి తాను తీసికొని కట్టను పక్కవానికి అందించినట్లు, తీగవెంట వచ్చు సంకేతములలో మొదటి 24 అంకెలను గ్రహించి, మిగిలినవానిని అది ముందుకు పంపును. 5,000 దీపములకు ఒకే తీగ వేసినచో చివరిదాక వార్త చేరుసరికి సెకనులో ఏడవవంతు గడచి, చప్పట్టొకప్పుడు, వెలుగొకప్పుడు అగును. అందుచే వరుసను 8 తీగలుగ చీల్చిరి. ఇప్పుడు ప్రభ యంతయు సెకనునకు 50 సార్లు రంగు మార్చగలదు.

కరెంటు లెక్క ఇంకను కఠినము. నిండుతెలుపున వెలుగునపుడు ఒక్కొక్కటి 60 మిల్లీ ఆంపియర్లు త్రాగును. అన్నియు కలసి 5 వోల్టులకడ 300 ఆంపియర్లు. సన్నతీగలో అంత ప్రవాహము సాగినచో త్రోవలోనే వోల్టేజి తరిగి, మొదలు తెల్లగను కొస ఎర్రగను కనబడును. ఏలన నీలపు దీపమునకు కావలసినంత వోల్టేజి ఎరుపునకు అక్కరలేదు. మోటుతీగలతో పలుచోట్ల మరల కరెంటు అందించుటయే దీనికి విరుగుడు. ఆ నీలపు దీపమును సాధించినందుకే 2014లో జపానున పుట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము దక్కినది.

సంధ్యవేళ పరీక్ష జరిగినది. ప్రభ తంగేడు పసుపున మందముగ వెలుగుచుండ, కుర్రవారు చుట్టును చేరి చప్పట్లు చరచిరి; ఆ లయకు క్రింది వలయమునుండి గునుగుపూల తెలుపు మెట్టుమెట్టుగ పైకెక్కి శిఖరమున నిలిచినది. ఇంతలో బాటమీద లారీ హారను మ్రోగగా ప్రభ యంతయు ఒక్కసారి భగ్గుమనినది. అందరు నవ్విరి. "కాకా, ఇది లారీకి గూడ ఆడుతున్నది" అని కంప్యూటరు ముందరి పిల్లవాడు తల పట్టుకొనెను. చప్పట్టు క్షణమాత్రపు చప్పుడు, హారను సాగెడి ధ్వని, జనరేటరుది అడుగుస్థాయి రొద. ఈ భేదములను లెక్కలలో వడగట్టుటయే అటుపై వారి పని. శాన్‌ఫ్రాన్సిస్కో వంతెనపై 2013లో లియో విల్లారియల్ 25,000 దీపములను ఆడించెను. అద్భుతమే, కాని అవి చూచువారిని ఎరుగవు. బతుకమ్మ యన్ననో చుట్టు తిరుగువారు లేనిదే బతుకమ్మ కాదు. నా మట్టుకు, ప్రతి శబ్దమునకును ఎగిరిపడు ప్రభకంటె, చప్పట్లు ఆగగనే తానును తగ్గి పసుపుగ ఊరకుండునదే ఉత్తమమని తోచినది.

పిదప భూపాలపల్లి వైపు సాగితిని. వెలుగునకు పుట్టినిల్లు చూడవలదా! చెల్పూరున కాకతీయ తాపవిద్యుత్కేంద్రము బొగ్గును మండించి 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లను నడుపుచున్నది. మానుకోట ప్రభ నిండుగ వెలిగినను 1,500 వాట్లే. ఇట్టివి ఏడులక్షలకు పైగా ఆ కేంద్రము వెలిగింపగలదని దారిలో లెక్క కట్టుకొంటిని.

అల్పమని తేలికగ తీసికొనరాదు. దీపములకడ 5 వోల్టులే యైనను, వానిని పోషించు పెట్టెలోనికి వచ్చునది 230 వోల్టులు. సద్దుల బతుకమ్మ ఆడునది చెరువుగట్టుల తడినేలపై, అదియు వట్టికాళ్లతో. సెలవు తీసికొనునపుడు మేస్త్రీ అన్నమాటయు ఇదే: "లైట్లకు పైసలిస్తరు సారూ, ఎర్తింగుకు ఇయ్యరు." ఉత్సవ సంఘములవారికి నా మనవి యొక్కటి: ప్రభను కుదుర్చుకొనునాడే విద్యుత్తు శాఖవద్ద తాత్కాలిక కనెక్షను తీసికొని, కరెంటు నేలకు కారగనే తెగిపోవు స్విచ్చును, సరియైన ఎర్తింగును, పైనుండి పోవు తీగలకు తగిన ఎడమును ఒప్పందములో వ్రాయించుకొనుడు; వాని ఖర్చును అలంకరణ పద్దులో కోసివేయకుడు.